చూశామనుకున్న సినిమాలు

  

ఈమధ్య ఏ పేపరు తిప్పినా కొత్త సినిమాల కబుర్ల పక్కనే పాత సినిమాల కబుర్లూ ఉంటున్నాయి. అన్నీ రీ రిలీజులే! 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకి ‘పోకిరి’ మళ్ళీ వేశారు చూడండి, అక్కణ్ణుంచి ఊపందుకుంది ఈ సంబరం. మరుసటి నెలలో పవన్ కల్యాణ్ పుట్టినరోజుకి ‘జల్సా’, ఆ ఏడాది ఆఖర్లో ‘ఖుషి’, ఆ పై ఏడు జూనియర్ ఎన్టీఆర్ పుట్టినరోజుకి ‘సింహాద్రి’. 2024లో ‘మురారి’ వేసినప్పుడైతే పెళ్ళిపాట రాగానే హాల్లో కుర్రకారు అక్షింతలు చల్లుకున్నారు. ఆ వీడియోలు చూసి నేనూ నవ్వుకున్నాను. మన పెళ్ళిళ్ళలో అక్షింతలు వేయమంటే సెల్‌ఫోన్లోంచి తల ఎత్తని పిల్లలేగా వీళ్ళంతా!

సంబరం బాగానే ఉంది. కాకపోతే ఒకటి గమనించారా, ఇవి చాలామటుకు హీరోల పుట్టినరోజులకే. హీరోయిన్ పుట్టినరోజని హాలు ముందు పాలాభిషేకం చేసిన జాడ నాకైతే కనబడలేదు. పోనీలెండి, పాలు మిగిలాయి, పెరుగు తోడేసుకోవచ్చు.

మన రీ రిలీజులు వేరే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక నీళ్ళ చెంబుకి ఫోన్ ఆనించి చూస్తామే, అవి. మా పిన్ని ఈమధ్య అలాగే ‘మాయాబజార్’ పెట్టుకుంది. ఆ సినిమా ఆవిడకి కొట్టిన పిండి. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో రంగారావు కంటే ముందే చెప్పగలదు. అలాంటి మనిషి పది నిమిషాలు గడిచాయో లేదో, “ఇదేమిటే, ఈ ముక్క ఇదివరకు లేదే! కొత్తగా కలిపారా?” అంది.

కలపలేదు. 1957 నుంచీ ఉందది. పిన్ని చూడలేదంతే.

ఎలా చూస్తుంది చెప్పండి? దూరదర్శన్‌లో వారానికో సినిమా వచ్చే రోజుల్లో సాయంత్రం సినిమా మొదలయ్యే వేళకి ఆడవాళ్ళందరూ పొయ్యి దగ్గరే కదా. కుక్కర్ మూడో విజిల్ వేశాక వచ్చి గుమ్మంలో నిలబడేసరికి శశిరేఖ పెద్దదైపోయి ఉండేది. మధ్యలో వార్తలొస్తే, అందరూ ఇప్పుడే తినేస్తే ఓ పనైపోతుందని వడ్డన. ఘటోత్కచుడు పెళ్ళి వంటలన్నీ ఒక్కడే లాగించేస్తుంటే, వాటి పేర్లు వింటూ మనం వంటింట్లో చారు తిరగమోత పెట్టుకున్నవాళ్ళం. అదీ కరెంటుంటేనే. హాలుకెళ్ళినా చంటిది ఏడిస్తే ఎత్తుకుని వరండాలోకి వెళ్ళేది తల్లే. తండ్రి ఎత్తుకెళ్ళి, తల్లి కూర్చుని చూసిన ఇల్లు ఉంటే చెప్పండి, వాళ్ళకో దండం పెడతాను.

అందుకే ఇప్పుడు మనం పాత సినిమాలు మళ్ళీ చూస్తున్నామంటే నేనొప్పుకోను. చాలామటుకు మొదటిసారి చూస్తున్నాం.

ఇంతకీ పిన్ని చూడని ముక్క ఏమిటంటే, ప్రియదర్శిని పెట్టె. శశిరేఖకి కృష్ణుడిచ్చిన కానుక. మూత తీస్తే, తీసినవాళ్ళ మనసుకి ఏది ఇష్టమో అది కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు. బలరాముడికి దుర్యోధనుడు. శశిరేఖ తల్లి రేవతికి నగానట్రా. కృష్ణుడు తీస్తే శకుని! తర్వాత జరగబోయే కథంతా ఆ పెట్టెలో పెట్టేశాడు దర్శకుడు కేవీ రెడ్డి. పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే రేవతి ఎందుకు మాట తప్పుతుందో, అభిమన్యుణ్ణి వదిలేసి లక్ష్మణకుమారుడి సంబంధానికి ఎందుకు ఎగబడుతుందో తెలియాలంటే ఈ ముక్క చూడాల్సిందే. అది చూడకపోతే రేవతి వేషం వేసిన ఛాయాదేవి ఉత్త గయ్యాళి తల్లిలా కనిపిస్తుంది. చూస్తే మాత్రం, అల్లుడి ఆస్తిపాస్తులు ఆరా తీసే మన మేనత్తలూ పెద్దమ్మలూ గుర్తుకొస్తారు. తప్పు ఆవిడదేనంటారా? రాజ్యంలేని ఇంటికి పిల్లనిచ్చే తల్లి ఎవరండీ?

ఇక సావిత్రి. మాయాశశిరేఖగా మారాక ఆ నడక చూడండి. పైకి నాజూకు పిల్ల, లోపల ఘటోత్కచుడు. మీసం లేని మూతి మీద మీసం తిప్పబోయి ఆగే ఆ చెయ్యి, భుజాలు విరుచుకుని వేసే ఆ అడుగు, అన్నీ రంగారావువే. లక్ష్మణకుమారుడైన రేలంగి బెదిరిపోయే చోట పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. 2010లో రంగులద్ది హాళ్ళకి వదిలినప్పుడు నాకా రంగులు అంతగా రుచించలేదు. కెమెరామాన్ మార్కస్ బార్‌ట్లే తెల్లటి వెన్నెలని నలుపు తెలుపుల్లోనే తీశాడు, దానికి రంగెందుకో! అయినా ఆ వంకన హాల్లో మొదట్నుంచి చివరిదాకా చూశామన్నవాళ్ళున్నారు కాబట్టి, ఇంకేం అనను.

ఛాయాదేవి అంటే గుర్తొచ్చింది, ‘గుండమ్మ కథ’. 1962 నాటిది. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకి సూర్యకాంతం పాత్ర పేరు పెట్టారు. ఈ రోజుల్లో ఏ నిర్మాతకైనా ఆ ధైర్యముందా? ఇది మనందరికీ తెలిసిన కథే. సవతి కూతురు లక్ష్మిచేత గుండమ్మ వెట్టిచాకిరీ చేయించుకుంటుంది, గారాబంగా పెంచిన సొంత కూతురు సరోజకి పొగరు. అన్నదమ్ములిద్దరూ వేషాలు మార్చుకొచ్చి ఇద్దర్నీ పెళ్ళాడి అందరికీ బుద్ధి చెబుతారు. రుబ్బురోలు దగ్గర ఎన్టీఆర్ పిండి రుబ్బుతుంటే ఇంటిల్లిపాదీ మురిసిపోయేవాళ్ళం.

ఈసారి కుదురుగా కూర్చుని చూశాను. గుండమ్మ నోరు పెద్దదే. కానీ మొగుడు పోయిన ఇంట్లో, ఇంత ఆస్తి పెట్టుకుని, జిత్తులమారి ఘంటయ్యలాంటివాడు గుమ్మం చుట్టూ తిరుగుతుంటే, నోరు చిన్నదైతే నిలబడేదా ఆ ఇల్లు? సూర్యకాంతం అరుస్తున్నప్పుడు కూడా ఆవిడ కళ్ళు చూడండి, ఎవరు ఎటునుంచి మోసం చేస్తారోనన్న బెదురుంటుంది. డీవీ నరసరాజు మాటలు ఆ బెదురుని ఎక్కడా చెప్పవు. ఆవిడే తెచ్చిపెట్టుకుంది.

ఇంకోటి చెప్పనా? పెళ్ళికొడుకుల తండ్రి రంగారావు కొడుకుల్ని మారువేషాల్లో పంపి మూడు ముళ్ళు వేయిస్తాడు. లక్ష్మి తాను కట్టుకున్నది పనివాణ్ణనుకుంది. సరోజ చేత తోటపని చేయించారు. కట్టుకున్నవాడెవరో పెళ్ళికూతుళ్ళకి తెలియదన్నమాట! ఇదే పని గుండమ్మ చేసి ఉంటే ఎన్ని తిట్లు తినేదో. చివరికి గుండమ్మని ఛాయాదేవి గదిలో పెట్టి తాళం వేస్తే హాలంతా చప్పట్లు. రంగారావుని ఒక్క మాట అన్నవాళ్ళు లేరు. అనబుద్ధీ కాదులెండి, అంత బాగా నవ్వుతాడాయన. నేనూ అనలేకపోయాను.

సరే, అరాకొరా చూసిన సినిమాలకి కథ ఎలా అతికేదో తెలుసుగా? వీధిలో ఒకావిడ ఉండేది. వాళ్ళాయన రైల్వేలోనో, సినిమా హాలు పక్కనో పనిచేసేవాడు. ఆవిడ ఒక్కతే మార్నింగ్ షోకి వెళ్ళొచ్చి, సాయంత్రం అరుగు మీద మొత్తం చెప్పేది. ఏడవాల్సిన చోట ఏడ్చి మరీ! ‘శ్రీవారికి ప్రేమలేఖ’లో శ్రీలక్ష్మిని చూస్తే నాకు ఆవిడే. ఏ సినిమా అయినా కథ చెప్పమంటే పేర్లు పడే దగ్గర్నుంచి మొదలెట్టి వినేవాళ్ళ ప్రాణాలు తోడేస్తుందే, ఆ పాత్ర. 1984లో జంధ్యాల దాన్ని వెటకారానికే పెట్టి ఉంటాడు. అయితే ఆ సినిమాకి మూలం పొత్తూరి విజయలక్ష్మిగారి ‘ప్రేమలేఖ’ నవల. ఉత్తరం రాసి పోస్టులో పడేసే అమ్మాయి కథని ఒక ఆడమనిషే రాసిందన్నది మనం గుర్తుపెట్టుకోవద్దూ? సినిమా పేరెత్తితే జంధ్యాల పేరు చటుక్కున వస్తుంది. ఆవిడ పేరు చెబితేనే “అవునా!” అంటారు.

మనుషులు పోయినప్పుడు సినిమాలు బయటికి తీయడం కూడా అలవాటైంది. 2025 జులైలో కోట శ్రీనివాసరావు పోయారు, ఆ మర్నాడే బి.సరోజాదేవి. ఆ వారమంతా అందరి ఫోన్లలోనూ ‘అహ నా పెళ్ళంట’లో కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే కోట లక్ష్మీపతే. ఎన్నిసార్లు నవ్వామో. ఆ ఇంట్లో ఆ నాన్న దగ్గర పెరిగిన రజనీ పాత్ర ఏం తిని బతికిందోనని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇహ ‘బాహుబలి’ సంగతి. రెండు భాగాల్నీ కలిపి ఒకే సినిమాగా 2025 అక్టోబరు 31న వదిలారు కదా. రెండూ యథాతథంగా కలిపితే ఐదు గంటల పైమాటే, కత్తెర వేసి మూడు ముప్పావు గంటలకి తెచ్చారు. ఏం పోయిందంటే, అవంతిక ప్రేమ, ఆ ప్రేమపాట, ‘కన్నా నిదురించరా’ పాట, ఇంకొన్ని. కథకి అడ్డమొచ్చినవి తీసేశామని రాజమౌళి చెప్పారు. అవంతిక ముక్క పోయినందుకు నాకు పెద్ద దిగుల్లేదు. కత్తి పట్టుకుని కారడవుల్లో తిరిగే పిల్లకి, ఆమెకి తెలియకుండా, అడగకుండా బొట్టూ కాటుకా పెట్టేసి దాన్ని ప్రేమ అనడం 2015లోనే చాలామందికి నచ్చలేదు. కానీ ఆ పిల్ల అసలు ఎందుకు కత్తి పట్టిందన్నది కూడా దాంతోపాటే కొట్టుకుపోయిందే! అది ఉంచి, ఇది తీసేయొచ్చుగా? శివగామి, దేవసేన మాత్రం నిక్షేపంగా ఉన్నారు. రమ్యకృష్ణ ఒక్క చేత్తో బిడ్డని నీళ్ళ పైకెత్తి పట్టుకున్న చోట కత్తెర వేసే మొనగాడు ఇంకా పుట్టలేదనుకుంటాను.

ఆ ఏడు మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ కూడా త్రీడీలో మళ్ళీ వచ్చింది, సరిగ్గా ముప్ఫై అయిదేళ్ళకి. 1990లో అదే తేదీన విడుదలైనప్పుడు కోస్తాలో తుపాను. వరదనీళ్ళలో నడిచి హాళ్ళకెళ్ళారని ఇప్పటికీ చెప్పుకుంటారు. దీనికి మాత్రం ఆడవాళ్ళం బాగానే కదిలాం, శ్రీదేవి కోసం. ఉంగరం పోగొట్టుకుని భూలోకంలో చిక్కుకున్న ఇంద్రజ మొహంలో ఆ విసుగూ, వింతా చూడటానికి త్రీడీ కళ్ళద్దాలు ఏమీ అక్కర్లేదు.

టీవీవాళ్ళనీ మర్చిపోకూడదు. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన ‘అమృతం’ ఇప్పటికీ ఎన్ని ఇళ్ళలో రాత్రి అన్నాల దగ్గర నడుస్తోందో! శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్, ముగ్గురు అమృతరావులు మారారు, ఆంజనేయులుగా గుండు హనుమంతరావు మాత్రం చివరిదాకా ఆయనే. మాకు ఇంటి ఓనరు అప్పాజీ ఎంత ఇష్టమో చెప్పలేను. అద్దెకిచ్చినవాళ్ళకి ఒకలా, అద్దెకున్నవాళ్ళకి ఒకలా నవ్వొచ్చే పాత్ర అది. అందులో సంజీవినీ, శాంతా భర్తల తెలివితక్కువ పథకాలన్నీ ముందే పసిగట్టేసి కాఫీ తాగుతూ కూర్చుంటారు. కొత్త సీరియళ్ళలో విషం కలిపే తోడికోడళ్ళ కంటే ఆ కాఫీ నయం.

నాకు మనసులో మిగిలిపోయినది ‘మిస్సమ్మ’. 1955. ముందు భానుమతితో కొన్ని రీళ్ళు తీసి, మాటపట్టింపులొచ్చి ఆపేసి, మళ్ళీ సావిత్రితో తీశారంటారు. సావిత్రి వేయాల్సిన వేషం జమునకి వెళ్ళింది. అలా చిన్న పాత్ర వేయాల్సినామె సినిమా మొత్తాన్ని మోసింది. మొగుడూ పెళ్ళాలైతేనే బడిలో ఉద్యోగమిస్తామంటే, అప్పు తీర్చాల్సిన మేరీ, తిండికి లేని ఎం.టి.రావుతో అబద్ధపు కాపురానికి ఒప్పుకుంటుంది. ఆ బడి ఉన్న అప్పాపురంలో ఆ అమ్మాయి చిరచిరలాడే ప్రతి చోటా నాకు తెగ ముచ్చటేసింది. ఒక ఆడపిల్ల ఇంత కోపంగా ఉండి కూడా ఇంత ముద్దుగా ఉండొచ్చని తెలుగు తెర అప్పుడే చూపించింది. ఆ కోపం ఎందుకో తెలుసుకోకుండా, చూసినంత వరకూ ‘టెక్కు’ అనుకునేవాళ్ళం. అప్పులవాడు వెంటపడుతుంటే, పరాయివాడితో ఒకే ఇంట్లో ఉండాల్సొస్తే ఎవరికి రాదు చెప్పండి?

ఒక్క చోట మాత్రం రచయిత చక్రపాణితో నాకు పేచీ. ఆ పిల్ల చివరికి బడి నడిపే జమీందారు గారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మే అని తేల్చేశారు. అంటే క్రైస్తవురాలైన మేరీగా ఉండి రావుని చేసుకునే అవకాశం పోయింది. అన్ని ముళ్ళూ విప్పడానికి పుట్టుమచ్చ లాంటిది ఒకటి ఉంటే సరిపోతుందా? మేరీ మేరీగానే మిగిలి ఉంటే, 1955లో హాళ్ళు ఊగిపోయేవో, తగలబడేవో! అయినా అది చూడాలని ఉంది నాకు.

అందుకని హాళ్ళవాళ్ళకి నాదో మనవి. హీరోల పుట్టినరోజులకి మీ ఇష్టం. ఒక మంగళవారమో, బుధవారమో ‘మిస్సమ్మ’ మ్యాట్నీ వేయండి. ఇంటర్వెల్లో ముంత మసాలా పెట్టండి, పాప్‌కార్న్ రేట్లు మాకొద్దు. చంటిపిల్లల్ని ఆడించడానికి వరండాలో ఒక మగమనిషిని పెట్టండి. మా పిన్ని ముందు వరసలో కూర్చుంటుంది, టిక్కెట్టు డబ్బులు నేనిస్తాను.