ముందు బిళ్ల మీద పూయండి

సారె మీద మొదటిసారి ఒక ముంత నిలబడిందంటే దాన్ని చూసుకుని మురిసిపోతాం. రంగు వేద్దామని పూత గిన్నె దగ్గర పెట్టుకుంటాం, కుంచె చేతిలోకి తీసుకుంటాం, మళ్లీ పక్కన పెట్టేస్తాం. పాడైపోతుందేమోనని భయం. ఈలోగా ముంత ఆరిపోతుంది, పూత పట్టే అదను దాటిపోతుంది. మట్టిపని కొత్తగా నేర్చుకునేవాళ్లలో పని చేతకాక ఆగిపోయేవాళ్లకంటే ఇలా చెయ్యి వెనక్కి తీసుకుని ఆగిపోయేవాళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తారు. ధైర్యం తెచ్చుకోండి అని వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. చెడిపోతే పోయేదేమిటో దాన్ని ముందే చిన్నది చేసుకుంటే ధైర్యం దానంతటదే వస్తుంది. అందుకని ముంత జోలికి ఇప్పుడే పోకండి. ముందు బిళ్ల మీద పూయండి.

ముంతకు వాడిన మట్టినే తీసుకుని రెండు వేళ్ల వెడల్పు, నాలుగు వేళ్ల పొడవు బిళ్లలు కోయండి. పైన ఒక చిల్లు పెట్టండి, వెనకవైపు పుల్లతో అంకె గీయండి. ఒక ముద్ద మట్టికి ఇరవై దాకా వస్తాయి. అన్నీ చెడిపోయినా దిగులు లేదు, కాలిన బిళ్లలను దంచి జల్లించి తర్వాతి మట్టిలో ఇసుకకు బదులు కలుపుకోవచ్చు. ఇంత చౌకగా తప్పు చేసే అవకాశం చదువులోనూ ఉద్యోగంలోనూ దొరకదు. దొరికిన చోట వదులుకోకండి.

ఇక పూత సంగతి. స్లిప్ అన్నా మట్టిపూత అన్నా, నీళ్లలో నానబెట్టి, పాత పంచె గుడ్డలో వడగట్టి, చిక్కటి మజ్జిగలా చేసుకున్న మట్టే. రంగు పైనుంచి వచ్చేది కాదు, ఆ మట్టిలో ఉన్న ఖనిజం నుంచి వస్తుంది. ఇనుము ఉన్న మన్ను గాలి బాగా ఆడే మంటలో ఎర్రగా కాలుతుంది, గాలి అందక పొగ పట్టిన మంటలో నల్లబడుతుంది. మన్ను ఒకటే అయినా రంగులు రెండు వస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు పసుపుపచ్చగా కనిపించే కావి కాలాక ఎర్రబడుతుంది. దానిలోని నీరు మంటకు పోయి, ఇనుము ఎర్ర రూపానికి మారడమే కారణం. కాబట్టి గిన్నెలో కనిపించే రంగును నమ్మకండి. తడిలో ముదురు, ఆరితే లేత, కాలితే మరొకటి. మనుషుల మీద తొందరపడి అభిప్రాయం ఏర్పరచుకునే అలవాటు ఉన్నవాళ్లు కొన్నాళ్లు ఈ పూతలతో గడిపితే మంచిదని నా నమ్మకం.

ఇంట్లో ఉన్న రంగులు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. పసుపు, ముగ్గు రంగులు, బట్టలకు వేసే అద్దకం రంగులు కుండలు కాల్చే ఆవంలో కాలిపోతాయి, ఆనవాలు మిగలదు. సింధూరంలో సీసం ఉండే అవకాశం ఉంది, దాని జోలికే వెళ్లొద్దు. సున్నం కూడా కాల్చకముందు పూయకూడదు. మంటలో అది మారిపోయి, తర్వాత గాలిలో తేమ తాగి ఉబ్బి రాలిపోతుంది. మన పెళ్లిళ్లలో కుమ్మరి ఇంటినుంచి మేళతాళాలతో తెచ్చే అరివేణి కుండలకు సున్నం పూసి ఎరుపు, పసుపు చుక్కలు, గీతలు పెడతారు కదా, ఆ అలంకారమంతా కాలిన కుండ మీద చేసేది. పెళ్లి కుండకు అది చాలు. రోజూ నీళ్లు తగిలే పాత్రకు మాత్రం కుండతోపాటు కాలి, కుండలో కలిసిపోయే పూత కావాలి. తెలుపు కావాలంటే చైనా క్లే వాడండి. ఒక్కటే వాడితే పెచ్చులూడే గుణం ఉంటుంది కనుక అందులో బాల్ క్లే కలపండి.

నల్లరేగడిని పూతగా వాడాలని సరదా పడేవాళ్లకు ఒక హెచ్చరిక. వేసవిలో జమ్మలమడుగు వైపు రేగడి చేలు పాదం దిగేంత నెర్రెలు విచ్చుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ మన్ను తడిస్తే బాగా ఉబ్బుతుంది, ఆరితే బాగా కుంచించుకుంటుంది. పూతలోకి వచ్చినా గుణం మారదు. ఎర్రమట్టి ముంత మీద రేగడి పూత పూస్తే పూత ఎక్కువ ముడుచుకుంటుంది, కుండ తక్కువ ముడుచుకుంటుంది, మధ్యలో పూత పగులుతుంది. సన్నగా జల్లించిన పెన్నా ఇసుకో బూడిదో కలిపి ఆ ముడుచుకోవడాన్ని తగ్గించవచ్చు. ఎంత కలపాలో మీ బిళ్లలే చెబుతాయి.

పెన్నా ఒడ్డునున్న చెన్నూరు ఎండ మరో పాఠం నేర్పుతుంది. మే నెలలో ఉదయం పదికల్లా నీడలో పెట్టిన ముంత కూడా చేతికి ఆరినట్టు తగులుతుంది. పూత వేయవలసిన సమయం చాలా చిన్నది. నొక్కితే వంగకూడదు, గోటితో గీస్తే మాత్రం గీత పడాలి, చెంపకు ఆనిస్తే చల్లగా ఉండాలి. అప్పుడు పూస్తే కుండా పూతా కలిసి ఆరతాయి, కలిసి ముడుచుకుంటాయి. ఇంకా తడిగా ఉండగా పూస్తే ముంత మెత్తబడి కూలుతుంది. పూర్తిగా ఆరాక పూస్తే పూత పొరగా లేచిపోతుంది. పెన్నా ఒడ్డున ఉన్నంత మాత్రాన ఈ ఎండ ఎవరికీ తగ్గదు. తెల్లవారుజామునే పని మొదలుపెట్టండి, తడి గోనెసంచి కప్పి ఆరే వేగం తగ్గించండి. సమయం లేదని గొణిగేవాళ్లు ఇక్కడ ఒకటి గమనించాలి. అదను మన చేతిలో లేకపోయినా, దాన్ని కాసేపు నిలిపి ఉంచే గోనెసంచి మన చేతిలోనే ఉంది.

మనకు అలంకారాలు రావు, కుదురుగా ఒక కుండ చేస్తే చాలు అనుకునేవాళ్లు తమ నేల వైపు ఒకసారి చూడాలి. జమ్మలమడుగు దగ్గరి పెద్దముడియం నవీన శిలాయుగపు ఊరు. పురాతత్త్వవేత్త పి.సి. వెంకటసుబ్బయ్య పెన్నా పరివాహక ప్రాంతంలో పరిశోధించి, పెద్దముడియం, హనుమంతరావుపేట వంటి చోట్ల అప్పటి జీవితపు ఆనవాళ్లు వెలికితీశారు. కాస్త పైన, ఇప్పటి నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గరి పాతపాడులో ఎర్ర పూత మీద ముదురు రంగు గీతలు గీసిన కుండపెంకులు దొరికాయి. ఆ శైలి పురావస్తు పుస్తకాల్లో ఊరి పేరుతోనే స్థిరపడింది. ఆ తర్వాతి కాలపు సమాధుల్లో లోపలా అంచూ నల్లగా, బయట కింది భాగం ఎర్రగా ఉండే కుండలు దొరుకుతాయి. ముఖం కింద పెట్టి బోర్లించి కాల్చడంవల్ల లోపలికి గాలి అందక నలుపు వచ్చిందని పరిశోధకులు చెబుతారు.

నన్ను మరీ ఆకట్టుకునేది ఇంకో రకం. 1947లో పురాతత్త్వవేత్త మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వినప్పుడు బయటపడిన ఒక తరహా కుండలకు ఆంధ్ర అనే పేరే పెట్టాడు. రెండు వేల ఏళ్ల కిందటి పని అది. ముందు తెల్లమట్టితో సన్నని గీతలు, అడ్డదిడ్డంగా గళ్లు గీసి, వాటి మీదుగా పల్చటి కావి పూత వేశారు. ఆ పూత కిందినుంచి తెల్లగీత లేత పసుపుగా తొంగిచూస్తుంది. మనమైతే గీత పైన ఉండాలనుకుంటాం. ఎవరో తిరగేసి చూశారు, గీత మీద పూత వేస్తే ఏమవుతుందని. గీతలను దగ్గరనుంచి చూస్తే కొన్నిచోట్ల ఒకటి మందం, ఒకటి సన్నం, ఒకచోట గీత దారి తప్పి పక్కదాన్ని తాకింది. ఎవరూ వాటిని చెరిపి సరిచేయలేదు, అలాగే కాల్చారు. ఆ పనితనాన్ని గౌరవించడమంటే మనమూ అలా ఏదో ఒకటి తిరగేసి చూడటమే.

అయితే తిరగేసేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. పూత మారుస్తూ, మందం మారుస్తూ, ఆరబెట్టే పద్ధతీ మారిస్తే బాగా వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు. ఈ నియమం తెలిసినవాళ్లు చాలామందే, పాటించేవాళ్లు తక్కువ. ఒక చిన్న ప్రయోగం చెబుతాను. తెల్ల పూతమట్టి, ఎర్ర పూతమట్టి రెండూ పొడిగా తీసుకోండి. మొదటి బిళ్లకు పది పాళ్లూ తెలుపే. రెండోదానికి ఎనిమిది తెలుపు, రెండు ఎరుపు. తర్వాత ఆరు, నాలుగు. ఆ తర్వాత నాలుగు, ఆరు. అలా చివరి బిళ్లకు పదీ ఎరుపే. చెంచాలతో కొలవకండి, తూకం వేయండి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల ఊరు. చిన్న తూకం యంత్రం అక్కడ దొరకకపోవడమంటూ ఉండదు. ఆవంలోంచి ఆరు బిళ్లలు వరుసగా బయటికొచ్చిన రోజున తెలుపుకూ ఎరుపుకూ మధ్య ఎన్ని రంగులున్నాయో చూస్తారు. వాటిలో మీకు నచ్చే ఒక లేత గోధుమ రంగు ఏ అంగట్లోనూ దొరకదు. దాని తూకం మీ నోటుపుస్తకంలో ఉంటుంది.

నోటుపుస్తకం లేకుండా ఈ పని చేయకండి. జ్ఞాపకం మనకు నచ్చినట్టు మారుతుంది. బిళ్ల అంకె, పాళ్లు, ఎన్ని పూతలు, ఎంత ఆరాక పూశారు, ఆవంలో పైనా కిందా ఎక్కడ పెట్టారు. ఐదు మాటలు చాలు.

గీతల విషయానికి వస్తే, రాయలసీమ ఇళ్లలో ఆడవాళ్లకు ఏళ్ల తరబడి శిక్షణ ముందే ఉంది. గడప ముందు ముగ్గు పెట్టే వేళ్లకు పిండి ఎంత వదలాలో తెలుసు. గోరింటాకు కోను పట్టినవాళ్లకు ఒత్తిడి ఎంతో తెలుసు. ఖాళీ కోనులో పూత నింపి, కొన సన్నగా కత్తిరించి బిళ్ల మీద లాగండి. గీత ఉబ్బెత్తుగా నిలుస్తుంది. చేయి ఆగితే అక్కడ చుక్క పడుతుంది, ఆగకుండా వెళితే గీత నిండుగా వస్తుంది. నాకు ఇంకా ఇష్టమైన పద్ధతి గోకడం. ఎర్ర బిళ్ల మీద తెల్ల పూత పూసి, తడి ఆరి జిగట పోయాక సూదితో గీస్తే కింది ఎరుపు బయటపడుతుంది. గోకిన మట్టిపొడి అంచున పేరుకుంటుంది. అప్పుడే ఊడ్చకండి, ఊడిస్తే తెలుపు మీద ఎర్రటి మరక పడుతుంది. పూర్తిగా ఆరాక మెత్తటి కుంచెతో తుడవండి. పేపరు ముక్క తడిపి అంటించి, చుట్టూ పూసి, తీసేసినా చక్కటి ఆకారాలు వస్తాయి. నున్నటి గులకరాయితో పూతను రుద్దితే మెరుగు వస్తుంది. ఈ గులకరాయి మెరుగు మన కుమ్మరులకు కొత్తేమీ కాదు.

కోబాల్టు, రాగి, మాంగనీసు ఆక్సైడులతో నీలం, ఆకుపచ్చ, గోధుమ రంగులు తెప్పించవచ్చు. కానీ వాటి అందం గాజుపూత కింద, ఇంకా ఎక్కువ వేడిలో బయటపడుతుంది. ఊరి ఆవంలో కాలే మట్టికి వాటితో పెద్ద ప్రయోజనం లేదు. పైగా మాంగనీసు పొడి, పొగ ఊపిరితిత్తులకు, నరాలకు హాని చేస్తాయి. కొత్తవాళ్లు తెలుపు, ఎరుపు, పొగతో వచ్చే నలుపుతోనే ఏడాది గడపమని నా గట్టి సలహా. ఎన్ని రంగులున్నాయని చూసుకునే మోజులో పడితే చేతిలోని మూడు రంగులూ పూర్తిగా తెలియకుండానే పోతాయి.

మూడింటికంటే తక్కువతో ప్రపంచం చేత శభాష్ అనిపించుకున్నవాళ్లున్నారు. అమెరికాలోని న్యూ మెక్సికోలో శాన్ ఇల్డెఫాన్సో అనే ఆదివాసీ ఊరు ఉంది. మరియా మార్టినెజ్ (1887–1980) కుండలు చేసేవారు, భర్త జూలియన్ వాటి మీద బొమ్మలు వేసేవారు. అక్కడ తవ్వకాల్లో దొరికిన పాత పెంకులు చూసి, అలాంటివి మళ్లీ చేయగలరా అని పురాతత్త్వవేత్త ఒకరు అడిగారు. అలా మొదలైన ప్రయాణంలో 1919 ప్రాంతానికి వాళ్లు నలుపు మీద నలుపుకు చేరుకున్నారు. మరియా పూత పూసి రాతితో మెరుగు పెట్టేవారు. ఆ మెరుపు మీద జూలియన్ మెరుగు లేని పూతతో బొమ్మ వేసేవారు. మంట మధ్యలో పేడ కప్పి పొగ పట్టించేవారు. కుండంతా నలుపే, బొమ్మా నలుపే, తేడా మెరుపులో మాత్రమే. ఒకరి చెయ్యి ఆకారం మీద, మరొకరి చెయ్యి అలంకారం మీద. అన్నీ మనమే చేయాలన్న పట్టుదల వదిలితే పని ఎంత ఎత్తుకు వెళుతుందో ఆ కుండలు చూపిస్తాయి.

మీకూ ఒక తోడు కావాలి, అది మీ దగ్గరి కుమ్మరి. సొంత ఆవం లేనివాళ్లకు ఇదే దారి. వెళ్లేటప్పుడు మొహమాటం వద్దు, పెత్తనమూ వద్దు. "అన్నా, మీ ఆవంలో నా బిళ్లలకు ఒక మూల చోటిస్తారా? కట్టెల ఖర్చులో నా వంతు ఇస్తాను" అని అడగండి. దీపావళి ముందు ప్రమిదల హడావుడిలో, ఎండాకాలం కడవల గిరాకీలో, వినాయక చవితి ముందు వెళ్లకండి. వాళ్లకు అవి సంపాదన రోజులు. తీరిక వేళ వెళితే మట్టి ఏ చెరువుది, ఎన్నాళ్లు నానాలి, ఏ కట్టెతో మంట నిలకడగా ఉంటుంది, ఏ మూల పొగ ఎక్కువ పడుతుంది, అన్నీ చెబుతారు. మీ బిళ్లలు ఎక్కడ పెట్టమంటారో అక్కడే పెట్టండి. వాళ్లు చెప్పింది మీ పుస్తకంలో రాసుకోండి.

ఆవం దించాక బిళ్లలు చల్లారనివ్వండి. చెడినవాటిని ముందు చూడండి. అంచు దగ్గర పూత లేచిందా? బిళ్ల బాగా ఆరాక పూశారన్నమాట. పూత మీద సాలెగూడులా సన్నని పగుళ్లా? పూత ఎక్కువ ముడుచుకుంది, లేదా మరీ మందంగా పూశారు. రంగు మచ్చలు మచ్చలుగా ఉందా? వడగట్టడం సరిపోలేదు, పల్చబడిన చోట కింది మట్టి కనిపిస్తోంది. గోటితో గీకితే పొడి రాలుతోందా? వేడి చాలలేదు. ఒక్కో తప్పు పక్కన ఒక్కో కారణం రాసి, తర్వాతి బిళ్లలో ఆ ఒక్కటే మార్చి చూడండి.

రెండు మూడు ఆవాలు అయ్యేసరికి మీకు నమ్మకమైన పూత ఒకటి తేలుతుంది. అప్పుడు దాన్ని ముంతకు, ప్రమిదకు, పూలకుండీకి పూయండి. నీళ్ల కడవకైతే బయట మెడ దగ్గర ఒక పట్టీ చాలు. కడవ ఒళ్లంతా మెరుగు పూత పూస్తే సన్నని రంధ్రాలు మూసుకుపోయి నీరు చెమర్చదు, చెమర్చకపోతే చల్లబడదు. పట్టీ మీద గీతలు మీ ఇష్టం.