మేక మేసే మండలో వగరెంత?

బీళ్లలో పచ్చిక మాడిపోయింది. ఇక తొలకరి దాకా మేకలకు మండలే దిక్కు. తుమ్మ, జమ్మి, దిరిసెన, రేగు, సుబాబుల్ అని చూడకుండా ఏ చెట్టు పచ్చగా ఉంటే దాని మండలు నరికి వేస్తున్నాం. నల్లతుమ్మ కాయలు కూడా రాలే రోజులివి. ఆకుల్లో మాంసకృత్తులు బాగానే ఉంటాయని దాణా మానేసి, మందను తుమ్మ ఒక్కదాని మీదే నిలబెట్టేవాళ్లూ ఉన్నారు. చిక్కు అక్కడే వస్తుంది. ఆకులో ఉన్న మాంసకృత్తులన్నీ మేకకు అందవు, వగరు వాటిని పట్టి ఉంచుతుంది.

ఈ వగరుకు కారణం టానిన్లు. మాంసకృత్తులు కనబడితే చాలు, వాటిని అల్లుకుని గట్టి ముద్ద చేసేస్తాయి. పచ్చి వక్క నమిలితే నోరు పట్టేసేది లాలాజలంలోని మాంసకృత్తులు ఇలా ముద్దకట్టడం వల్లే. పచ్చితోలు కుళ్లకుండా తంగేడు చెక్కతో, తుమ్మ చెక్కతో పదును పెట్టడంలో జరిగేదీ ఇదే.

అలాగని వగరు ఉన్న ఆకునల్లా పారేయక్కర్లేదు. మేతలోని ఎండు పదార్థంలో టానిన్లు 2 నుంచి 4 శాతం ఉంటే లాభమే. మొదటి పొట్టలో సూక్ష్మజీవులు మాంసకృత్తులను విరగ్గొట్టి వృథా చేయకుండా టానిన్లు అడ్డుపడతాయి. నాలుగో పొట్టలోని పులుపుకు ఆ పట్టు సడలి, మాంసకృత్తులు అక్కడి నుంచి మేక ఒంటికి చేరతాయి. లేత పప్పుజాతి మేతకు వచ్చే కడుపుబ్బరం కూడా వగరున్న మేతతో అంతగా రాదు, నురగ కట్టే మాంసకృత్తులను టానిన్లు ముందే పట్టేస్తాయి కాబట్టి.

5, 6 శాతం దాటితే కథ తిరగబడుతుంది. పీచును అరిగించే బ్యాక్టీరియా విడిచే ఎంజైములూ మాంసకృత్తులే కదా, టానిన్లు వాటినీ కట్టేస్తాయి. బ్యాక్టీరియాకు అవసరమైన ఇనుమునూ లాగేసుకుంటాయి. అప్పుడు ఎండుగడ్డి పెట్టినా సరిగా అరగదు. మేక మేత తగ్గిస్తుంది, పెంటికలు గట్టిపడతాయి, పిల్లల ఎదుగుదల కుంటుపడుతుంది.

ఇనుముతో ఉన్న ఈ పొత్తు మనకు పరీక్షగానూ పనికొస్తుంది. వేరుశనగలో ఇనుప లోపానికి తెచ్చిన అన్నభేది ఇంట్లో మిగిలే ఉంటుంది. గుప్పెడు ఆకు దంచి, నీళ్లలో నానబెట్టి వడకట్టండి. అందులో చిటికెడు అన్నభేది వేయండి. నీళ్లు సిరాలా నల్లబడితే వగరు దండిగా ఉన్నట్టే. కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుప కషాయం నల్లగా తేలేది ఇందువల్లే. శాతం ఎంతో ఈ పరీక్ష చెప్పదు. రెండు చెట్లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి మాత్రం చాలు.

నా సలహా ఒక్కటే, కలిపి మేపండి. తుమ్మ, జమ్మి మండలు సగానికి మించనీయకండి. మిగతాది అవిస, మునగ, రేగు, ఎండుగడ్డి ఏదైనా సరే. మండలను ఒక పూట వాడనిచ్చి వేస్తే వగరు కొంత తగ్గుతుంది. బూడిద నీళ్లలో నానబెట్టినా తగ్గుతుంది గానీ, మందకంతటికీ రోజూ ఆ చాకిరీ ఎవరు చేస్తారు? తుమ్మకాయలను గింజలతో సహా ఎండబెట్టి మరపట్టించండి. వగరు ఎక్కువగా తొక్కలోనే ఉంటుంది. గింజ నలగకపోతే చాలావరకు పెంటికల్లోనే పోతుంది. ఆ పిండి దాణాలో పావు వంతు దాటకూడదు. సుబాబుల్‌లో వగరుతో పాటు మైమోసిన్ అనే వేరే విషం కూడా ఉంది, జుట్టు ఊడుతుంది. అది మేతలో మూడో వంతులోపే ఉండాలి.

కొత్త ఆకును ఒక్కసారిగా వేయకండి, పది పదిహేను రోజుల్లో మెల్లగా పెంచండి. పొట్టలోని సూక్ష్మజీవులకు అలవాటు పడే వ్యవధి కావాలి. ఆస్ట్రేలియాలో తుమ్మజాతి చెట్లు మేసే మేకల పొట్టలో టానిన్లను తట్టుకునే బ్యాక్టీరియాను 1990లలోనే గుర్తించారు. మేక లాలాజలం కూడా కొంత వగరును పట్టేస్తుంది. ఆవుకు అంత ఓపిక లేదు కాబట్టి మేకకు వేసిన లెక్క ఆవుకు వేయకండి.

వగరు మేత నట్టల గుడ్లను కొంత తగ్గిస్తుందన్నది నిజమే. దాన్ని నమ్ముకుని మందు మానొద్దు. వానలకు ముందే పశువైద్యుడితో పెంటికలు పరీక్ష చేయించి నట్టల మందు తాగించండి. చూడి మేకలుంటే ఆ సంగతి ముందే చెప్పండి, కొన్ని మందులు వాటికి పడవు.