చక్రాలకు తగిన గాలి: కల్లూరు చిరంజీవికి లేఖ

కల్లూరు, కర్నూలు జిల్లా



కల్లూరు నుంచి ఓర్వకల్లు వైపు నిత్యం రాకపోకలు సాగించే చిరంజీవి, కొత్త బండికి పెట్రోలు, ఇంజనాయిలు, చెయిను బిగువు విషయంలో చూపుతున్న శ్రద్ధను టైర్లలోని గాలిపైన కూడా చూపడం అవసరం. బండి బరువులో అధిక భాగాన్ని మోసేది టైరులో బిగించిన గాలే. వెనుక చక్రంపై 100 కిలోల భారం ఉండి, లోపలి గాలి ప్రతి చదరపు సెంటీమీటరుపైన సుమారు 2 కిలోల బలంతో ఒత్తుతుంటే, టైరు నేలను తాకే మేర దాదాపు 50 చదరపు సెంటీమీటర్లు మాత్రమే ఉంటుంది. అరచేతికన్నా చిన్నదైన ఆ మేర మీదనే బ్రేకు పట్టడం, మలుపు తిరగడం, వానరోడ్డుపై జారకుండా నిలవడం ఆధారపడి ఉంటాయి.

గాలి ఒత్తిడిని పంక్చరు షాపుల్లో పీఎస్‌ఐ లెక్కన, అంటే ఒక చదరపు అంగుళంపై ఇన్ని పౌన్ల బలం అనే లెక్కన చెబుతారు. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అంటే 14.2 పీఎస్‌ఐ. 100, 125 సీసీ బండ్లలో చాలావాటికి ముందు చక్రానికి 25, ఒక్కరే నడిపేటప్పుడు వెనుక చక్రానికి 28 దరిదాపుల్లో ఉంటుంది గానీ, ఏ బండికి ఎంత అన్నది దానితో ఇచ్చిన పుస్తకంలోనో, చెయిను కవరు దగ్గర అతికించిన కాగితంపైనో చూసి నిర్ణయించుకోవలసిందే. టైరు పక్కభాగంలో అచ్చువేసిన అంకెలను దీనితో కలిపి చూడరాదు. ఉదాహరణకు 2.75-18 42పి అని ఉంటే, మొదటిది అంగుళాల్లో టైరు వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసం, 42 అనేది ఆ టైరు 150 కిలోల వరకు మోయగలదనడానికి గుర్తు, పి అనేది గంటకు 150 కిలోమీటర్ల వేగానికి గుర్తు. అక్కడే గరిష్ఠ ఒత్తిడి కూడా ముద్రించి ఉంటే అది టైరు హద్దును తెలుపుతుందే తప్ప ఆ బండికి కొట్టించవలసిన గాలిని తెలుపదు.

సీమలో ఎండ ముదిరేసరికి వినిపించే ఒక మాటను చిరంజీవి జాగ్రత్తగా పరిశీలించాలి. వేసవిలో గాలి తక్కువగా ఉంచాలని, లేకపోతే టైరు పేలుతుందని చాలామంది నమ్ముతారు. వేడికి గాలి ఒత్తిడి పెరగడం నిజమే. ఒకే ఘనపరిమాణంలో బంధింపబడిన వాయువు ఒత్తిడి దాని పరమ ఉష్ణోగ్రతను అనుసరించి పెరుగుతుంది. తెల్లవారుజామున 27 డిగ్రీల వద్ద గేజీ 28 చూపిన టైరులో, బయటి వాతావరణపు ఒత్తిడి 14.7 కూడా కలిపితే, అసలు ఒత్తిడి 42.7 ఉంటుంది, మధ్యాహ్నం 42 డిగ్రీలకు అది 5 శాతం పెరిగి 44.8 అవుతుంది కాబట్టి గేజీ 30 చూపుతుంది. అంటే కర్నూలు ఎండ కలిపే ఒత్తిడి రెండు పీఎస్‌ఐ మాత్రమే. పరుగువల్ల పుట్టే వేడికి మరికొంత కలుస్తుంది, కానీ కంపెనీవారు చెప్పే అంకె చల్లని టైరుకు చెప్పిన అంకె. ఈ పెరుగుదలను లెక్కలోకి తీసుకొనే వారు దానిని నిర్ణయిస్తారు.

అసలు ప్రమాదం గాలి తగ్గించడంలోనే ఉంది. గాలి తక్కువైన టైరు నేలను తాకిన ప్రతిసారీ దాని పక్కభాగం ఎక్కువగా వంగి తిరిగి నిటారవుతుంది. 18 అంగుళాల చక్రం కిలోమీటరుకు 500 సార్లకు పైగా తిరుగుతుంది గనుక, వంచిన శక్తిలో రబ్బరు తిరిగి ఇవ్వని భాగమంతా వేడిగా మారి లోపలే పేరుకుపోతుంది. కాలే తారురోడ్డు వేడి దీనికి తోడైనప్పుడు టైరులోని పొరలు విడివడతాయి. ట్యూబు టైరులో మరొక చిక్కు కూడా ఉంది: పట్టు సడలిన టైరు రిమ్ముపై జరిగినప్పుడు ట్యూబును వెంట లాగి వాల్వు మొదలును చీల్చివేస్తుంది, గాలి ఒక్కసారిగా పోతుంది. మధ్యాహ్నం గేజీ 30 చూపిందని రెండు తీయించినవారి బండి మర్నాడు ఉదయం 26తో బయలుదేరుతుంది.

కాబట్టి గాలిని ఉదయం బండి తీయకముందు, నీడలో చూడాలి. కనీసం మూడు గంటలు కదలని టైరునే చల్లని టైరు అంటారు. ఇందుకు సొంత గేజీ ఒకటి కొనుక్కోవడం మంచిది, షాపుల్లోని గేజీలు ఒకదానికొకటి సరిపోకపోవడం సాధారణం. గేజీని వాల్వుపై నిటారుగా అదిమినప్పుడు గాలి బయటికి పోతున్న చప్పుడు వినిపిస్తుంటే అది సరిగా కూర్చోలేదు, ఆ అంకెను వదిలి మళ్ళీ చూడాలి. ఇంటి దగ్గర 24 వచ్చి, ఉండవలసింది 28 అయితే లోటు నాలుగు. షాపుకు చేరేసరికి టైరు వేడెక్కి గేజీ 26 చూపినా, అక్కడి అంకెపైన నాలుగు కలిపించి 30 చేయించాలి. ఈ చిన్న లెక్క తెలియకనే చాలా బండ్లు ఎప్పుడూ గాలి తక్కువతో తిరుగుతున్నాయి.

వెనుక అమ్మగారు కూర్చున్నా, కర్నూలు మార్కెట్‌ యార్డుకు ఉల్లిగడ్డల బస్తా తీసుకుపోవలసి వచ్చినా, పుస్తకంలో ఇద్దరికి చెప్పిన అంకెకు వెనుక చక్రాన్ని పెంచి, ఒంటరి ప్రయాణానికి తిరిగి తగ్గించాలి. దూరప్రయాణమని అవసరానికి మించి కొట్టించడమూ తప్పే. నేలను తాకే మేర కుంచించుకుపోయి టైరు నడిమి భాగం ముందే అరుగుతుంది, బేతంచెర్ల వైపు నాపరాళ్ల గనుల కంకరదారుల్లో బండి ఎగిరి పట్టు తప్పుతుంది. మామూలు గాలికి బదులు నైట్రోజను నింపించడానికి డబ్బు పెట్టనవసరం లేదు, మామూలు గాలిలో 78 శాతం అదే.

కంపముల్లు దిగినప్పుడు ట్యూబులేని టైరైతే ముల్లు పీకకుండా నెమ్మదిగా షాపు దాకా పోవచ్చు, ముల్లే కొంతసేపు రంధ్రాన్ని మూసి ఉంచుతుంది; ట్యూబు టైరైతే దిగి నడిపించుకుపోవడమే మేలు. ముల్లు దిగకపోయినా రబ్బరు గుండా గాలి కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది గనుక పదిహేను రోజులకొకసారి చూడాలి, చూసిన తరువాత వాల్వు మూతను మరవకుండా బిగించాలి. మూత లేని వాల్వులో దుమ్ము చేరి పిన్ను సరిగా మూసుకోదు.