వలసయుఁ బౌరసత్వమును: మన యడవిసీమ చెప్పు పాఠము

"నీ వెవ్వఁడవు?" అని యడిగినచో నొకఁడు తన యూరిపేరు చెప్పును, ఒకఁడు తెగపేరు చెప్పును, వేఱొకఁడు తన భాషను జెప్పును. "నేను భారతపౌరుఁడను" అని చెప్పువారరుదు. ఒక మనుష్యుఁడు పుట్టినయూరు విడిచి పోయినపుడు వీనిలో నేది వానివెంట వచ్చును? ఏది సరిహద్దుకడ నిలిచిపోవును? ఇదియే యిచట విచారింపఁదగిన విషయము. దీనికి దృష్టాంతము దూరదేశమున వెదకనక్కఱలేదు. ఖమ్మము, భద్రాచలముల యడవులందే యున్నది.

మొదట చట్టమును జూతము. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమున 5 మొదలు 11 వఱకుఁ గల యధికరణములు పౌరసత్వమును గూర్చినవి. 1955లోఁ బౌరసత్వచట్ట మేర్పడెను. అమెరికా సంయుక్తరాష్ట్రములలో దేశపౌరసత్వము, రాష్ట్రపౌరసత్వము నని రెండు గలవు. మనకట్లు గాదు, దేశమంతటికి నొక్కటే. దేశమున నెచటికైనను బోవుటకు, ఎచటనైనను నివసించుటకు 19వ యధికరణము పౌరునకు స్వేచ్ఛ నొసఁగుచున్నది.

ఇఁక సరిహద్దులమాట. భద్రాచలము తాలూకా 1874లో మధ్యపరగణాలనుండి మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మాఱెను. 1959లోఁ దూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లోఁ దెలంగాణ మేర్పడినపుడు పోలవరము ప్రాజెక్టు నిమిత్తము చింతూరు, కూనవరము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమునఁ గలిసెను. భద్రాచలపట్టణము తెలంగాణముననే నిలిచెను. ఇన్ని మార్పులలోను కోయపల్లెలు కదలలేదు, గీఁతలే కదలెను.

గీఁత కదలక మనుష్యులు కదలిన కథ వేఱొకటి కలదు. బస్తరుసీమనుండి కూలీలు మిరపకాయలు కోయుటకు ఖమ్మపుచేలకు వచ్చుచుండుట మన మెఱిఁగినదే. కాని 2005లో ఛత్తీసుగఢమున సల్వాజుడుం ఆరంభమై, దానికిని మావోయిస్టులకును నడుమ జరిగిన పోరున నూళ్లు తగులఁబడఁగా, వేలకొలఁది యాదివాసులు అడవిదారులఁ బట్టి యిటు వచ్చిరి. గుడిసెలు వేసికొని, పోడు కొట్టుకొని బ్రదుకసాగిరి. వీరిని మనవారు గుత్తికోయలందురు. 2011 జూలైలో సుప్రీముకోర్టు, ఆదివాసి యువకులకు ఆయుధములిచ్చి ప్రత్యేక పోలీసులుగా నియమించుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. అయినను వచ్చినవారిలో ననేకులు మరలి పోలేదు.

వీరు విదేశీయులు కారు. వీరి పౌరసత్వము వీరితోడనే వచ్చినది. పదునెనిమిదేండ్లు నిండి యిచట నివాసమున్నవాఁడు వోటరుల పట్టికలోఁ జేరవచ్చును. ఆఱునుండి పదునాలుగేండ్ల పిల్లలను వయస్సు పత్రము లేదని బడినుండి త్రిప్పి పంపరాదని 2009నాఁటి విద్యాహక్కు చట్టము విధించుచున్నది.

కాని రెండు హక్కులు సరిహద్దుకడనే నిలిచినవి. మొదటిది తెగ గుర్తింపు. 342వ యధికరణముచొప్పున షెడ్యూల్డు తెగల పట్టిక రాష్ట్రమున కొకటి. ఆంధ్రదేశమునఁ బుట్టి బొంబాయికిఁ బోయిన యొక విద్యార్థి వ్యాజ్యెమున, ఒక రాష్ట్రపు గుర్తింపు మఱియొక రాష్ట్రమునఁ జెల్లదని సుప్రీముకోర్టు 1990లో నిర్ణయించెను. రెండవది భూమి. 2006నాఁటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వము సాగులో నున్న భూమికే హక్కిచ్చును. షెడ్యూల్డు తెగగా గుర్తింపు లేనివారైనచో నంతకుముందు మూఁడుతరములు, అనఁగా 75 ఏండ్లు, అడవిలో నివసించి యుండవలెను. ఆ తేదీకి తరువాతఁ బ్రాణభీతితోఁ బాఱివచ్చినవాఁ డీ గడువు నెట్లందుకొనును?

రెండవప్రక్కయుఁ జూడవలెను. కొత్తపోడు పెరిగినకొలఁది నడవి తఱుగును. స్వల్పభూమితో జీవించు స్థానిక కోయలకును భయము గలుగును. షెడ్యూల్డు తెగల మేలుకొఱకు సంచారనివాసముల స్వేచ్ఛను దగినంత పరిమితము చేయవచ్చునని 19వ యధికరణమే చెప్పుచున్నది. 2022 నవంబరులోఁ జండ్రుగొండ మండలమునఁ బోడువివాదమున నొక అటవీ రేంజి అధికారి హతుఁడయ్యెను. పిమ్మట బెండాలపాడు గ్రామపంచాయతి గుత్తికోయలను ఛత్తీసుగఢమునకుఁ బంపివేయవలెనని తీర్మానించెను. నేరము చేసినవానిని న్యాయస్థానము శిక్షించును; అది ధర్మము. కాని యిద్దఱి నేరమునకు నొక తెగనంతటిని, స్త్రీలను శిశువులను గూడ, వెడలఁగొట్టుట ధర్మమగునా? పౌరుని పరదేశిగా నెంచు నధికారము పంచాయతికి లేదు.

మన తెలుఁగువారును ఒకనాఁడు వలసపోయినవారే. బ్రతుకుతెరువుకై రంగూనుకుఁ బోయినవారిని అచటివారు కొరంగీలనిరి. 1930 మేలో నచటి రేవున బర్మీయులకును తెలుఁగు కూలీలకును ఘోరమైన కలహము జరిగెను. పిమ్మట 1960ల దశకమున ననేకులు సర్వము విడిచి తిరిగివచ్చిరి. వారు దాఁటినది సముద్రము, దేశపు టెల్ల. గుత్తికోయలు దాఁటినది రాష్ట్రపు గీఁత మాత్రమే. ఈ భేదమును మఱవరాదు.

కావునఁ దేలిన దేమనఁగా: పౌరసత్వము మనుష్యునివెంట నడచును, పట్టికలు, పట్టాలు నడవవు. తెగల పట్టికను మార్చుట పార్లమెంటు చేయవలసిన పని. అడవిని గాచుట, నిలువనీడ లేనివారికి దారి చూపుట ప్రభుత్వముల పని. మనపని చిన్నది. తరగతిలోఁ బ్రక్కన గూర్చుండిన గుత్తికోయ బాలుఁడు తెలుఁగు చదువుచుఁ దడఁబడినచో, వాఁడు పరదేశి యని నవ్వక, మనతోడి పౌరుఁడని యెఱిఁగి యా యక్షరమును వానికిఁ జూపుఁడు.