చేతికఱ్ఱ లెక్క

పాఠ్యభాగము: ఆదికాండము 32వ అధ్యాయము 1–12 వచనములు; 33వ అధ్యాయము 1–17 వచనములు.



ఉన్నత పాఠశాలలో కలిసి చదివినవారు ఏండ్ల తరువాత మరల కూడుకొను వాడుక ఇప్పుడు పల్లెలకును వచ్చినది. వృద్ధులైన ఉపాధ్యాయులకు శాలువలు కప్పి, ఒక పంక్తిని భోజనము చేసి, ఫొటో తీయించుకొని ఎవరి యిండ్లకు వారు వెళ్లుదురు. దివిసీమలో 1977వ సంవత్సరమున పదవ తరగతి పరీక్ష వ్రాసిన మాకును ఇట్టి పిలుపు అందినది. 2027తో ఏబది యేండ్లు నిండును.

పిలుపు అందిన నాటినుండి ప్రతివాడును లోలోపల ఒక లెక్క వేసికొనుచున్నాడు. నేనేమైతిని? నా ప్రక్కను కూర్చున్నవాడేమాయెను? ఈ లెక్క కొందరిని ఉబ్బించుచున్నది, కొందరిని ఇల్లు కదలనీయకున్నది. కూలికి పోవువాడను, ఆఫీసర్ల నడుమ నాకేమి పని అను మాట మన సంఘములలోనే వినబడుచున్నది. కాబట్టి ఇట్టి లెక్క ఎట్లు వేయవలెనో యాకోబునొద్ద నేర్చుకొందము.

1. ఏమి పట్టుకొని బయలుదేరితిమి?

ఇరువది యేండ్ల తరువాత యాకోబు తన అన్నయైన ఏశావును కలిసికొనబోవుచున్నాడు. అన్న నాలుగువందల మందితో ఎదురు వచ్చుచున్నాడని విని మిక్కిలి భయపడెను. ఆ భయములో ప్రార్థించుచు తాను నడచిన త్రోవను వెనుదిరిగి చూచెను. అతని లెక్క ఎక్కడ మొదలాయెనో గమనింపుడి. ఒకనాడు చేతికఱ్ఱతో మాత్రమే యొర్దాను దాటినవాడు నేడు రెండు గుంపులాయెనని చెప్పుకొనెను. అన్నకెన్ని మందలున్నవో అతడు అడుగలేదు. తాను బయలుదేరిన చోటినుండియే కొలుచుకొనెను.

అతడు కష్టపడలేదా? పగటి యెండను రాత్రి మంచును ఓర్చినాడు. మామ పదిమారులు జీతము మార్చెను. ఈ మాటలన్నియు లాబానుతో గట్టిగానే చెప్పెను (31:40, 41). అయితే దేవుని యెదుట వాటిని చూపి, ఇది నా కష్టార్జితమని పలుకలేదు. పొందిన ఉపకారమునకు తాను పాత్రుడను కానని ఒప్పుకొనెను.

మన చేతికఱ్ఱ యేది? మాలో అనేకులము ప్రోగ్రెసు కార్డుపై వేలిముద్ర వేసిన తల్లిదండ్రుల బిడ్డలము. కాలువగట్టున చెప్పులు లేక నడచితిమి. పైతరగతివారు చదివి విడిచిన పుస్తకములు చదివితిమి. ఆ కాలువగట్టునుండి కొలిచినయెడల, కూలి చేసి కుమార్తెను నర్సు చదువు చదివించిన తల్లి ఎంత దూరము వచ్చినది! ఒకడు పిల్లకాలువ దాటెను, ఒకడు వరదలో కృష్ణ దాటెను. ఒడ్డున ఎవడెక్కడ నిలిచెనో చూచి ఈతను కొలువరాదు.

2. కూటమునకు రానివారెవరు?

కొన్నాళ్లు పోయిరమ్మని రిబ్కా కుమారుని పంపివేసెను (27:44). ఆ కొన్నాళ్లు ఇరువది యేండ్లాయెను. యాకోబు తిరిగివచ్చునాటికి తండ్రియైన ఇస్సాకు బ్రదికియుండెను. తల్లి మరల కుమారుని ముఖము చూచెనని ఎక్కడను వ్రాయబడలేదు. ఆమె మక్పేలా గుహలో పాతిపెట్టబడెనని మాత్రమే తరువాత తెలియుచున్నది (49:31). కలిసికొనుటలోని సంతోషము ప్రక్కనే ఇట్టి ఖాళీ యొకటి యుండును.

మేము పరీక్ష వ్రాసిన ఆ యేడాదియే, నవంబరు 19న, ఉప్పెన దివిసీమపై పడెను. ప్రభుత్వపు లెక్క చొప్పుననే ఇంచుమించు పదివేలమంది చనిపోయిరి. వేసవిలో మాతో కూడ పరీక్ష వ్రాసినవారు కొందరు క్రిస్మసునాటికి లేరు. వారి పేళ్లు కూటములో చదివి, అందరును లేచి కొంతసేపు మౌనముగా నిలుచుట తగియున్నది.

బ్రదికియుండియు రానివారు మరికొందరున్నారు. గొడ్లు కాయుటకు ఎనిమిదవ తరగతిలో మానినవాడు, పెండ్లి చేయబడి తొమ్మిదవ తరగతిలో బడి విడిచిన బాలిక, లెక్కలలో తప్పి మరల ముఖము చూపనివాడు. వాట్సాపు గుంపులో వీరి నంబరులు ఉండవు. ఉత్తీర్ణులైనవారి పట్టీని చూచి పిలిచినను వీరి పేళ్లు దొరకవు. కావున ఆనాటి హాజరుపట్టీ దొరికిన దానిని తెరువవలెను. దొరకనిచో తలలు కలిపి బెంచీ వెంబడి బెంచీగా పేళ్లు జ్ఞాపకము చేసికొనవలెను. ఫోనుతో సరిపెట్టక ఇంటికి పోయి పిలువవలెను. చందా ఇయ్యలేనివారి చందా చప్పుడు చేయక మరియొకరు కట్టవలెను.

3. ఎట్లు ఎదురుపడవలెను?

యాకోబు అన్నకు అన్యాయము చేసినవాడు. ఐదువందల యేబదికి పైగా పశువులను కానుకగా ముందు పంపెను. అయినను కానుకతో సరిపెట్టుకొనలేదు. తానే అందరికంటె ముందుగా నడచి ఏడుమారులు సాగిలపడెను. ఏశావు పరుగెత్తివచ్చి అతని మెడమీద పడి యేడ్చెను. తనకు కావలసినంత ఉన్నదని అన్న చెప్పెను, తమ్ముడును అట్లే చెప్పెను. ఇద్దరును చాలునన్న చోట పోటీ నిలువదు.

బడిలో ఒకనిని కులము పేరు పెట్టి పిలిచియుందురు. ఒకనికి నీళ్లకుండ ముట్టనీయక దోసిట నీళ్లు పోసియుందురు. ఒకడు చేసిన తప్పునకు మరియొకడు బెత్తము దెబ్బలు తినియుండును. చేసినవానికి అది చిన్ననాటి వేళాకోళము. పడినవానికి ఏబది యేండ్ల గాయము. దానిని వేదికపై నవ్వులాటగా చెప్పరాదు. కూటమునకు ముందే ఒంటరిగా అతని యింటికి పోయి క్షమాపణ అడుగవలెను. క్షమించుట అతని వంతు, త్వరపెట్టుట మన వంతు కాదు.

ఇంకొక సంగతి. ఆ దినమే ఏశావు శేయీరునకు తిరిగిపోయెను, యాకోబు సుక్కోతునకు పోయెను. సమాధానపడిరి గాని ఒక గుడారములో కాపురము పెట్టలేదు. పాత దినములను తిరిగి తెచ్చుట మనవలన కాదు. ఒకనాడు కలిసి, భారము దించుకొని, ఎవరి పొలమునకు వారు తేలికైన మనస్సుతో మరలిన చాలును.

ఇంటి కూటములలో మాటలాడుకొనుటకు:

మనము ఏ చేతికఱ్ఱతో బయలుదేరితిమి? దానిని మన చేతికిచ్చినదెవరు?

మన తరగతిలో ఎవరి పేరు అందరును మరచిరి? ఈ నెలలో వారి యింటికి ఎవరు పోవుదురు?

కూటమునకు ముందు మనము కలిసికొనవలసిన ఏశావు ఎవరైన ఉన్నారా?