పరదేశంలో పండుగలు

జర్మనీ దేశపు నైరుతి భాగంలో, దట్టమైన అడవికొండల నడుమ కైజర్స్‌లౌటర్న్ అనే పట్టణం ఉంది. ఆ పేరు పలకడానికి నోరు తిరగక అమెరికావాళ్ళు దానిని ‘కే టౌన్’ అని పిలుచుకుంటారు. పట్టణానికి పడమట రామ్‌స్టైన్ అనే పెద్ద వైమానిక స్థావరం ఉంది. సైనికులు, వారి భార్యాబిడ్డలు, స్థావరంలో పనిచేసే ఉద్యోగులు అందరూ కలిసి ఈ ప్రాంతంలో సుమారు 50,000 మంది అమెరికావాళ్ళు నివసిస్తారు. తమ దేశానికి వెలుపల అమెరికా సైనిక కుటుంబాలు ఇంత పెద్ద సంఖ్యలో ఒకచోట ఉండడం మరెక్కడా లేదంటారు.

వీరు ఇక్కడికి ఎలా వచ్చారు? 1945లో రెండవ ప్రపంచయుద్ధం ముగిసింది. గెలిచిన దేశాలు జర్మనీని నాలుగు భాగాలుగా పంచుకొని పాలించాయి. అమెరికా సైనికులు మొదట ఒంటరిగానే ఉన్నారు. 1946 ఏప్రిల్ నుంచి వారి కుటుంబాలు ఓడలలో రాసాగాయి. పిల్లలు వచ్చారు కాబట్టి బడులు కావలసివచ్చాయి. ఆ సంవత్సరమే అమెరికా ప్రభుత్వం వారికోసం జర్మనీలో పాఠశాలలు తెరిచింది. 1955లో పశ్చిమ జర్మనీ, అమెరికా ఉన్న నాటో కూటమిలోనే చేరింది. శత్రువులుగా అడుగుపెట్టినవారు మిత్రులుగా ఉండిపోయారు. 1990లో రెండు జర్మనీలు ఏకమైన తరువాత చాలా శిబిరాలు మూతపడ్డాయిగాని రామ్‌స్టైన్ మిగిలింది.

స్థావరం గేటు లోపల అంతా అమెరికాయే. డాలర్లు చెల్లుతాయి, ఇంగ్లీషు వినిపిస్తుంది, అమెరికానుంచి వచ్చే ఉత్తరానికి ఆ దేశంలోపలి తపాలా రుసుమే సరిపోతుంది. గేటు దాటితే జర్మనీ. అక్కడ ఆదివారం దుకాణాలు తెరవరు. ఆనాడు గడ్డి కోసే యంత్రం నడిపినా ఇరుగుపొరుగులు తప్పుపడతారు. చాలా కుటుంబాలు చుట్టుపక్కల గ్రామాలలో ఇళ్ళు అద్దెకు తీసుకొని ఉంటాయి. ఈ రెండు లోకాల తేడా ఆ ఇళ్ళలో గోడమీది గడియారంలోనే కనబడేది. అమెరికా విద్యుత్తు 120 వోల్టులు, జర్మనీ విద్యుత్తు 230 వోల్టులు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ తగ్గించుకోవచ్చు. కాని అమెరికాలో విద్యుత్తు క్షణానికి 60 సార్లు ఊగితే, జర్మనీలో 50 సార్లే ఊగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దీనిని మార్చలేదు. ఆ ఊపును లెక్కపెట్టి నడిచే పాతరకం అమెరికా గడియారం ఇక్కడ గంటకు పది నిమిషాలు వెనుకబడుతుంది.

2006వ సంవత్సరంలో అటువంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రి విమానాల ఇంజన్లు బాగుచేసే సైనికుడు. తల్లి, పదేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి. వారిది అమెరికాలోని ఓహైయో రాష్ట్రం. జర్మనీకి వచ్చి రెండేళ్ళయింది. సైనికుడికి ఒకచోట మూడేళ్ళు గడిస్తే చాలు, మళ్ళీ ఎక్కడికో బదిలీ. పదేళ్ళ అమ్మాయికి ఇది మూడో బడి. మేడమీద ఇంటి యజమానురాలు, అరవై ఎనిమిదేళ్ళ జర్మన్ ముసలావిడ ఒంటరిగా ఉండేది. పిల్లలు ఆమెను ‘ఓమా’ అని పిలిచేవారు. జర్మన్ భాషలో ఓమా అంటే అమ్మమ్మ, నాయనమ్మ. సొంత అమ్మమ్మ ఓహైయోలో ఉంది. ఇక్కడ మధ్యాహ్నమయ్యేసరికి అక్కడ ఇంకా తెల్లవారుతూ ఉంటుంది. అందుచేత ఆమెకు ఫోను చేయాలంటే పిల్లలు గంటలకొద్దీ కాచుకోవాలి. ఓమాకు మెట్లెక్కితే చాలు.

మే నెల చివరి సోమవారం అమెరికాలో వీరుల స్మారకదినం. సెలవు కలిసివచ్చింది కాబట్టి తల్లిదండ్రులు పిల్లలను కారులో మూడు గంటల దూరంలో ఉన్న మార్‌గ్రాటెన్‌కు తీసుకువెళ్ళారు. అది నెదర్లాండ్స్ దేశంలోని చిన్న ఊరు. అక్కడ రెండవ ప్రపంచయుద్ధంలో మరణించిన అమెరికా సైనికుల సమాధులు 8,000కు పైగా ఉన్నాయి. తెల్లని చలువరాతి శిలువలు, యూదుల సమాధులమీద ఆరుకోణాల నక్షత్రాలు, పచ్చిక మీద వంపు తిరిగిన వరుసలుగా నిలబడి ఉంటాయి. 1945 నుంచి ఆ చుట్టుపక్కల కుటుంబాలవారు ఒక్కొక్క సమాధిని దత్తత తీసుకొని పూలు పెడుతూ వస్తున్నారు. పెద్దలు పోతే ఆ బాధ్యత పిల్లలకు వస్తుంది. తనకు ఏమీకాని మనిషికోసం ఒకరు అరవై ఏళ్ళుగా పూలు తెస్తున్నారని అబ్బాయికి అర్థం కాలేదు. “వీళ్ళకు ఆయన ఏమవుతాడు?” అని అడిగాడు. తండ్రి వెంటనే జవాబు చెప్పలేకపోయాడు.

ఆ ఊరినుంచి వచ్చాక పిల్లలు ఆ మాట మరిచిపోయారు. వేసవి సెలవులు ముంచుకువచ్చాయి.

అమెరికా బడులకు జూన్ మధ్యనుంచి ఆగస్టు చివరివరకు సెలవులు. జర్మనీలో ఎండాకాలం మన ఎండాకాలం వంటిది కాదు. అక్కడ ఎండ కాస్తే అందరూ ఆరుబయటికే వస్తారు. జూన్, జూలై నెలల్లో రాత్రి తొమ్మిది దాటినా పొద్దు గుంకదు. ఆదివారాలలో ఊరూరా జననడకలు జరుగుతాయి. అమెరికావాళ్ళు దీనిని ‘ఫోక్స్‌మార్చ్’ అంటారు. ఇందులో పందెం లేదు, గెలుపోటములు లేవు. పిల్లలు, ముసలివాళ్ళు, కుక్కలు అందరూ అడవిదారిలో 5 లేదా 10 కిలోమీటర్లు నడుస్తారు. దారిలో అక్కడక్కడ కార్డుమీద ముద్ర వేయించుకోవాలి. చివరికి చేరినవారికి చిన్న పతకం ఇచ్చేవారు. ఆ వేసవిలో ఆరేళ్ళవాడు నాలుగు పతకాలు సంపాదించాడు. అందులో రెండు సగం దూరం తండ్రి భుజాలమీద కూర్చొని సంపాదించినవే.

ఒక శనివారం వాళ్ళు బాడ్ డుర్క్‌హైమ్ అనే ఊరు వెళ్ళి అక్కడి పెద్ద పీపాను చూశారు. 1934లో కట్టిన ఆ కొయ్యపీపాలో 17 లక్షల లీటర్లు పట్టేంత చోటుంది. కాని అందులో ఎన్నడూ ద్రాక్షసారా పోయలేదు. లోపల భోజనశాల నడుపుతున్నారు. పిల్లలకు అంతకంటె నచ్చింది ఆ దగ్గరి మాన్‌హైమ్ నగరంలో 1969లో పుట్టిన ఒక ఐస్‌క్రీము. మనం జంతికలు వత్తినట్లే గొట్టంలో వేసి వత్తుతారు. తెల్లని పోగులు సేమ్యాలాగా పళ్ళెంలో పడతాయి. పైన ఎర్రని స్ట్రాబెర్రీ రసం, తెల్ల చాక్లెట్ తురుము. చూడడానికి అచ్చం ఇటలీవారి స్పాగెట్టి వంటకమే.

ఆ వేసవికి మరొక విశేషం ఉంది. ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జర్మనీలో జరిగాయి. కైజర్స్‌లౌటర్న్ మైదానంలోనే జూన్ 17న అమెరికా, ఇటలీ తలపడ్డాయి. తొమ్మిదిమందితో మిగిలినా అమెరికా జట్టు 1-1తో ఆట నిలబెట్టుకుంది. ఫుట్‌బాల్ అంటే అంతగా పట్టించుకోని అమెరికావాళ్ళు సైతం ఆ వారమంతా ఆ ముచ్చటే చెప్పుకున్నారు. ఓమా తన కిటికీకి జర్మనీ జెండా కట్టింది. పక్కనే అమ్మాయి తన జెండా కట్టింది.

జూలై 4 అమెరికా స్వాతంత్ర్యదినం. 1776లో ఆనాడే ఆ దేశం ఇంగ్లండునుంచి విడిపోయినట్లు ప్రకటించుకుంది. ఆనాడు ఇళ్ళముందు బొగ్గులమీద మాంసం కాల్చుకొని తినడం, చీకటి పడ్డాక బాణసంచా కాల్చడం ఆచారం. జర్మనీలో మాత్రం అది మామూలు పనిదినం. పైగా అక్కడ ప్రజలకు బాణసంచా అమ్మేది ఏటి చివరి రెండు మూడు రోజులే. అందుచేత అందరూ సైనికుల వేడుకలకే వెళ్ళాలి. పొద్దు గుంకి చీకటిపడేసరికి రాత్రి పదిన్నర అవుతుంది. చిన్నపిల్లలు చాలామంది అప్పటికే నిద్రపోతారు. తల్లులు వాళ్ళను లేపి ఆకాశం చూపిస్తారు. 2006లో సరిగ్గా ఆ రాత్రే జర్మనీ జట్టు ఇటలీ చేతిలో ఓడిపోయింది. ఆట ముగియడానికి రెండు నిమిషాల ముందు మొదటి గోలు, వెంటనే రెండోది. కుటుంబం వేడుకనుంచి ఇంటికి వచ్చేసరికి ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. ఓమా గదిలో దీపం వెలుగుతున్నది. అమ్మాయి తన సంచిలో మిగిలిన బిస్కెట్లు తీసుకొని మేడమీదికి వెళ్ళింది.

సెప్టెంబరులో తండ్రికి ఉత్తర్వు వచ్చింది. నాలుగు నెలలు ఇరాక్‌లో పనిచేయాలి. 2003లో మొదలైన యుద్ధం అక్కడ ఇంకా సాగుతూనే ఉంది. ఆ యుద్ధంలో గాయపడినవారిని విమానాలలో రామ్‌స్టైన్‌కు, అక్కడినుంచి పొరుగున ఉన్న లాండ్‌స్టుల్ సైనిక ఆసుపత్రికి తెచ్చేవారు. వారిని మోసుకువచ్చే పెద్ద నీలిరంగు బస్సులను ఆ ప్రాంతపు పిల్లలందరూ ఎరుగుదురు. అమ్మాయి అంతకుముందు వాటిని లెక్కపెట్టేది. తండ్రి వెళ్ళిన తరువాత లెక్కపెట్టడం మానేసింది. తల పక్కకు తిప్పుకొనేది.

అక్టోబరు 31న హాలోవీన్. ఆ రాత్రి అమెరికా పిల్లలు దయ్యాల వేషాలు వేసుకొని ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు అడుగుతారు. కొన్ని సైనిక కాలనీలకు జర్మన్ పిల్లలు కూడా గుంపులుగా వస్తారు. తల్లి కొన్న మిఠాయిల డబ్బాలు గంటలో ఖాళీ అయ్యాయని ఆ కాలనీలవారు ఏటా చెప్పుకుంటారు. పదకొండు రోజులు గడిస్తే నవంబరు 11, జర్మన్ పిల్లల వంతు. అది సెయింట్ మార్టిన్ పండుగ. చలిలో వణుకుతున్న బిచ్చగాడికి తన అంగీని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చిన సైనికుడు మార్టిన్. చీకటి పడగానే పిల్లలు తాము చేసుకున్న కాగితపు లాంతర్లు పట్టుకొని, గుర్రమెక్కిన మార్టిన్ వేషధారి వెనుక పాడుతూ నడుస్తారు. ఆ సంవత్సరం లాంతరు అతికించడం అబ్బాయికి నేర్పింది ఓమాయే. మార్టిన్ కూడా సైనికుడేనని తెలిసి, “ఆయన ఇంటికి తిరిగి వచ్చాడా?” అని వాడు అడిగాడు.

నవంబరు నాలుగవ గురువారం అమెరికావారి కృతజ్ఞతా దినం. పంట ఇంటికి వచ్చినందుకు చేసుకొనే పండుగ. టర్కీ కోడి లేనిదే ఆ పండుగ లేదు. సైనికుల భోజనశాలలలో ఆనాడు పై అధికారులే నిలబడి సైనికులకు వడ్డిస్తారు. ఈ ఇంట్లో మాత్రం చిక్కు వచ్చిపడింది. స్థావరం దుకాణంలో కొన్న కోడి ఎనిమిది కిలోలు. అద్దె ఇంటి జర్మన్ పొయ్యి చిన్నది. కాళ్ళు విరిచినా కోడి పట్టలేదు. చివరకు దానిని రెండు చేసి, ఒక సగం కింద, ఒక సగం మేడమీద ఓమా పొయ్యిలో కాల్చారు. పెళ్ళికాని ఇద్దరు కుర్ర సైనికులను తల్లి భోజనానికి పిలిచింది. ఇంటికి దూరంగా ఉన్నవారిని ఆనాడు ఒంటరిగా వదలకూడదని సైనిక కుటుంబాల నియమం. ఎవరూ రాసిపెట్టింది కాదు, అందరూ పాటించేది.

తండ్రి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఓమా ఆ కుర్చీ వంక కాసేపు చూసింది. తర్వాత ఏనాడూ చెప్పని మాట చెప్పింది. ఆమెకు ఏడేళ్ళప్పుడు, 1945 మార్చిలో, అమెరికా సైన్యం ఈ ఊళ్ళోకి వచ్చింది. టాంకు మీదినుంచి ఒక సైనికుడు చాక్లెట్ విసిరాడు. ఆమె దానిని తినకుండా వారం రోజులు దాచింది. రష్యా యుద్ధానికి వెళ్ళిన తండ్రి వస్తే ఆయనకు సగం పెట్టాలని. ఆయన రాలేదు.

ఎవరూ మాట్లాడలేదు. “మా నాన్నకు అక్కడ టర్కీ కోడి పెడతారా?” అని అబ్బాయి అడిగాడు. పెడతారని కుర్ర సైనికుడొకడు చెప్పాడు. తాను ఒక పండుగ అక్కడే గడిపాననీ, కోడి బాగానే ఉందనీ, పక్కన పెట్టిన పచ్చడి మాత్రం బాగుండలేదనీ చెప్పాడు. అందరూ నవ్వారు. ఓమా కూడా నవ్వింది.

డిసెంబరు 5 రాత్రి జర్మన్ పిల్లలు తమ బూట్లు తుడిచి గుమ్మం బయట పెడతారు. తెల్లవారేసరికి సెయింట్ నికొలాస్ వాటిలో పళ్ళు, గింజలు, మిఠాయిలు ఉంచుతాడని నమ్మకం. ఈ ఇంటి గుమ్మం ముందు ఆ రాత్రి మూడు జతల బూట్లున్నాయి. మూడవ జత తండ్రిది. ఉదయం మూడింటిలోనూ నారింజపండ్లు ఉన్నాయి. క్రిస్మస్‌ను జర్మన్లు 24 సాయంకాలమే చేసుకుంటారు, అమెరికావాళ్ళు 25 ఉదయాన. కాబట్టి పిల్లలకు ఆ పండుగ రెండుసార్లు వచ్చింది. జనవరి చివర తండ్రి తిరిగివచ్చాడు. బాగా చిక్కిపోయాడు. వచ్చిన మొదటి ఆదివారం మంచులోనే నలుగురూ జననడకకు వెళ్ళారు. ఈసారి అబ్బాయి పది కిలోమీటర్లూ తన కాళ్ళమీదే నడిచాడు.

2007 వేసవిలో బదిలీ వచ్చింది. సామానంతా పెట్టెలలో సర్ది ఓడకు పంపారు. ఓమా కన్నీళ్ళు పెట్టుకోలేదుగాని, పెట్టెలు దించుతున్నంతసేపూ మెట్లమీదే నిలబడింది. ఓహైయోలో కొత్త ఇంటి గోడకు గడియారం తగిలిస్తే సరైన వేళ చూపింది. ఆ డిసెంబరు 5 రాత్రి అక్కాతమ్ముళ్ళు బూట్లు తుడిచి గుమ్మం బయట పెట్టారు. మరునాడు పొరుగింటి పిల్లలు వచ్చి, “ఇవి బయట ఎందుకు మరిచిపోయారు?” అని అడిగారు.

ప్రశ్నలు

1. అమెరికా గడియారం జర్మనీలో ఎందుకు వెనుకబడుతుంది?
2. మార్‌గ్రాటెన్‌లో అబ్బాయి అడిగిన ప్రశ్నకు మీరైతే ఏమి జవాబు చెబుతారు?
3. ఓమా చాక్లెట్‌ను ఎందుకు దాచింది? ఆ సంగతి ఆ రోజే ఎందుకు చెప్పి ఉంటుంది?
4. మీ ఇంట్లో తెలుగువారి పండుగలు ఏవి చేసుకుంటారు? మీ ఊరివారి పండుగలు ఏవి చేసుకుంటారు? ఇంట్లో పెద్దలను అడిగి పది వాక్యాలు రాయండి.