ఇంజనీరు విద్య – నీతి బాధ్యత

ప్రతి సంవత్సరము పదవ తరగతి ఫలితములు వెలువడిన పిమ్మట మా గదికి వచ్చు తల్లిదండ్రులు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. "మాస్టారూ, మావాడికి లెక్కలు బాగా వస్తవి. ఇంజనీరు కాగలడా?" ఆ ప్రశ్న మాకు సంతోషమునే కలిగించును. తరతరాలుగా పరభాషా ప్రాంతమున నివసించుచు, బిడ్డలకు తెలుగున చదువు చెప్పించుచున్న మనవారికి వారి భవిష్యత్తును గూర్చిన చింత సహజము. అయితే ఇంజనీరగుటకు ఎన్ని మార్కులు కావలయునో మనము విచారింతుము గాని, ఆ పనికి ఎట్టి మనస్సు కావలయునో విచారింపము. ఈ విషయమును ఒక యథార్థ వృత్తాంతము ద్వారా వివరింపదలచినాము.

కెనడా దేశమున క్విబెకు నగరము చెంత, సెయింట్ లారెన్సు నదిపై ఒక గొప్ప ఉక్కు వంతెనను నిర్మింప తలపెట్టిరి. దాని సలహాదారు థియొడోర్ కూపర్ ఆ కాలమున అమెరికాలో పేరెన్నికగన్న ఇంజనీరు. 1900లో ఆయన సలహాపై నడిమి స్తంభముల మధ్య దూరమును 1,600 అడుగుల నుండి 1,800 అడుగులకు పెంచిరి. దూరము పెరిగిన కొలది వంతెన స్వంత బరువు కూడ పెరుగును. కావున దానిని మరల లెక్కకట్టవలయును. ఆ పని సకాలమున సరిగా జరుగలేదు. పొరపాటు బయటపడునప్పటికే ఉక్కులో చాల భాగము తయారై యుండెను. అదనపు ఒత్తిడి వలన ప్రమాదము లేదని కూపరు తలచెను. పని సాగిపోయెను.

1907 ఆగస్టులో, వంతెన భారమును మోయు క్రింది దూలములు వంగుట పనివారి కంటబడెను. వారము దినములకు పూర్వము ముప్పాతిక అంగుళముగా నున్న ఒక వంపు రెండుంబావు అంగుళములకు పెరిగినట్లు ఆ నెల 27వ తేదీన కొలతలు తెలిపినవి. అవి కర్మాగారము నుండియే వంగి వచ్చినవని కొందరు వాదించిరి. పని ఆపుమని చెప్పుటకు తగిన అధికారమును అనుభవమును గల పెద్ద అచ్చట ఎవరును లేరు. నార్మన్ మెక్‌లూర్ అను యువ ఇంజనీరు రైలెక్కి, న్యూయార్కులో నున్న కూపరును 29వ తేదీన కలిసికొనెను. ఇక బరువు చేర్చవలదని కూపరు తంతి నిచ్చెను. కాని అది పెన్సిల్వేనియాలోని కంపెనీ కార్యాలయమునకు పోయెను గాని వంతెన కడకు పోలేదు. ఆ సాయంకాలము, పని ముగియు వేళకు, వంతెన నదిలో కూలెను. 75 మంది పనివారు మరణించిరి. వారిలో 33 మంది కానవాకే అను ఒక్క గ్రామమునకు చెందిన మోహాక్ తెగవారు. ఒక్క ఊరిలో ఎన్ని యిండ్ల దీపములు ఆరిపోయెనో పాఠకులు ఊహింపగలరు.

విచారణ సంఘము 1908లో తన నివేదికను ఇచ్చెను. అందు తప్పు ప్రధానముగా ఇనుముది కాదనియు, ఇంజనీర్ల నిర్ణయములదనియు తేల్చిరి. మనము గ్రహింపవలసిన దేమన, లెక్క తప్పుట యొకటి. తప్పని తెలిసిన పిమ్మట ఆగకుండుట వేరొకటి. మొదటిది మానవసహజము. రెండవది ధర్మలోపము. 1925 నుండి కెనడాలో ఇంజనీరు పట్టము పొందువారు ఒక ప్రమాణము గైకొని, పనిచేయు చేతి చిటికెన వ్రేలికి ఉంగరము ధరించుచున్నారు. అది కూలిన వంతెన ఇనుముతో చేసినదను మాట నిజము కాదు. అయినను గీత గీయునప్పుడెల్ల కాగితమునకు తగులు ఆ ఉంగరము వారికి బాధ్యతను గుర్తుచేయును.

ఇక మా తప్పు నొకదానిని చెప్పికొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట మన పాఠశాలకు ఒక గదిని కట్టించుచుంటిమి. వార్షికోత్సవము పది దినములలో నుండెను. అతిథులకు ఆహ్వానములు పోయినవి. పనిని చూచుచున్న యువకుడు మా పూర్వ విద్యార్థి. అతడు వచ్చి, "మాస్టారూ, నకలులో ఉన్నదానికన్న చువ్వలు ఎడముగా వేసినారు. ఇట్లా శ్లాబు పోయనివ్వను" అనెను. "ఎట్లో కానిమ్ము, నాయనా, సమయము లేదు" అంటిమి. అతడు తలవంచుకొని, "పిల్లలు కూర్చునే గదండీ ఇది" అని మాత్రము పలికెను. చువ్వలు విప్పించి మరల వేయించెను. ఉత్సవము పందిరి క్రింద జరిగెను. నేడు ఆ గదిలో ఎనిమిదవ తరగతి కూర్చుండుచున్నది. గురువులమైన మేము ఆనాడు శిష్యుని వద్ద పాఠము నేర్చితిమి.

ఈ గుణము ఇంజనీరు కళాశాలలో మొదలు కాదు. ప్రయోగశాలలో తనకు వచ్చిన కొలతను విడిచి, ప్రక్కవాని పుస్తకమందలి "సరియైన" కొలతను వ్రాసికొను బాలుడు, రేపు వంపు రెండుంబావు అంగుళములని తెలిసియు ముప్పాతిక అని వ్రాయగలడు. కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. మీ బిడ్డ, "ఈ లెక్క నాకు రాలేదు, నేను చూచి వ్రాయలేదు" అని తక్కువ మార్కులతో ఇంటికి వచ్చినపుడు కోపింపకుడు. ఆ లెక్కను మేము మరల నేర్పగలము. నిజము చెప్పినందుకు దెబ్బ తిన్న బిడ్డకు నిజము చెప్పుటను మరల నేర్పుట మాకు సాధ్యము కాదు.